యూరప్‌లో ఫైనాన్స్ మాస్టర్స్ తర్వాత ఉద్యోగం: లెక్క ఎక్కడ నుంచి మొదలుపెట్టాలి

యూరప్‌లో ఫైనాన్స్ చదవాలనుకునేవారు మొదట అడిగేది ఏ యూనివర్సిటీ మంచిదని. ర్యాంకుల పట్టిక చూస్తారు, ఫీజు చూస్తారు, సీటు వస్తే అప్పు తీసుకుని విమానం ఎక్కుతారు. ఉద్యోగం సంగతి రెండో సెమిస్టర్‌లో గుర్తుకొస్తుంది. ఇల్లలకగానే పండగ కాదు. సీటు రావడం ఇల్లలకడం వరకే. ఇక్కడ చెప్పబోయే పద్ధతి దీనికి తలకిందులు. ముందు ఉద్యోగం, తర్వాత ఆ ఉద్యోగాలు ఉన్న నగరం, ఆపైన చదువు ముగిశాక ఆ దేశం ఇచ్చే గడువు, భాష. అన్నింటికంటే చివర కోర్సు.

కింద చెప్పిన జీతం పరిమితులు 2025 నాటివి. ఇవి తరచూ మారుతుంటాయి, జర్మనీ, నెదర్లాండ్స్‌లలో అయితే ప్రతి జనవరిలోనూ మారతాయి. మీరు దరఖాస్తు చేసే ఏడాది అంకెను ఆ దేశపు అధికారిక వెబ్‌సైటులోనే చూసుకోండి. కన్సల్టెన్సీ ఇచ్చిన కరపత్రంలో మాత్రం చూడకండి.

మొదటి అడుగు: ఏ ఉద్యోగమో తేల్చుకోవడం

ఫైనాన్స్ అనే ఒక్క మాట కింద ఒకదానికొకటి పోలిక లేని పనులు చాలా ఉన్నాయి. సినిమాల్లో కనిపించేది ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్: కంపెనీల కొనుగోళ్లు, విలీనాలు. దానిలో సీట్లు కొద్ది, పోటీ విపరీతం. ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్‌లలో అయితే క్లయింటుతో అతని భాషలోనే మాట్లాడాలి. ఆశపడటంలో తప్పు లేదు, కానీ అదొక్కటే ప్రణాళికగా పెట్టుకుని అప్పు చేయకండి.

వినడానికి చప్పగా ఉండే పనుల్లోనే విదేశీ విద్యార్థికి దారి విశాలంగా ఉంటుంది. నష్టం వచ్చే అవకాశాలను లెక్కగట్టే రిస్క్ మేనేజ్‌మెంట్, ఆ లెక్కలు కట్టే రిస్క్ మోడళ్ల తనిఖీ, నియంత్రణ సంస్థలకు పంపే నివేదికలు, మనీ లాండరింగ్ నిరోధం వంటివి. కారణం ఉంది. 2014 నవంబరు నుంచి యూరో ప్రాంతంలోని పెద్ద బ్యాంకులు నేరుగా యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ పర్యవేక్షణలోకి వచ్చాయి. బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వెళ్లడం, తర్వాత అమెరికా బ్యాంకులు తమ యూరప్ సంస్థలను ఫ్రాంక్‌ఫర్ట్‌లో బలపరిచాయి. 2025 జనవరిలో బ్యాంకుల కంప్యూటర్ వ్యవస్థల భద్రతకు సంబంధించిన డోరా చట్టం అమల్లోకి వచ్చింది. అదే ఏడాది మనీ లాండరింగ్ నిరోధానికి యూరోపియన్ యూనియన్ కొత్త సంస్థ ఆమ్లా ఫ్రాంక్‌ఫర్ట్‌లో పని మొదలుపెట్టింది. కొత్త నిబంధన వచ్చిన ప్రతిసారీ దాన్ని చదివి, లెక్క కట్టి, నివేదిక రాసే మనుషులు కావాలి. నిబంధనలు యూనియన్ అంతటికీ ఒకటే కాబట్టి పెద్ద బ్యాంకుల్లో ఈ పని చాలావరకు ఇంగ్లీషులో నడుస్తుంది.

గణితం గట్టిగా ఉన్నవారికి క్వాంట్ (గణిత మోడళ్లు కట్టే పని), ట్రేడింగ్ ఉద్యోగాలు ఉన్నాయి. బీకాం, సీఏ ఇంటర్ నేపథ్యం ఉన్నవారికి పెట్టుబడి ఫండ్ల లెక్కలు చూసే ఫండ్ అకౌంటింగ్, ఆడిట్ దగ్గరగా ఉంటాయి. ఒక కంపెనీ లోపలి ఖర్చులు, బడ్జెట్లు చూసే కంట్రోలింగ్ శాఖలో జర్మనీలో ఉద్యోగాలకు కొదవ లేదు, కానీ ఆ శాఖ ఫ్యాక్టరీ మేనేజర్లతో రోజూ మాట్లాడాలి, వాళ్లు మాట్లాడేది జర్మనే.

తెలుగు విద్యార్థులకు ఒక అనుకూలత ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. హెచ్‌ఎస్‌బీసీ, స్టేట్ స్ట్రీట్, వెల్స్ ఫార్గో, యూబీఎస్, గోల్డ్‌మన్ శాక్స్ వంటి సంస్థలకు హైదరాబాదులో పెద్ద కార్యాలయాలు ఉన్నాయి. అక్కడ రెండేళ్లు ఫండ్ లెక్కలో, రిస్క్ నివేదికల్లో, ఖాతాదారుల ధ్రువీకరణలో పనిచేసి వెళ్లిన వ్యక్తి డబ్లిన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో అదే పనికి దరఖాస్తు చేస్తే, డిగ్రీ పూర్తికాగానే నేరుగా వెళ్లిన వ్యక్తి కంటే ఎన్నో మెట్లు పైన ఉంటాడు. నా అభిప్రాయం అడిగితే, బీకాం అయిన వెంటనే మాస్టర్స్‌కు పరుగెత్తడం కంటే ఈ రెండేళ్ల విలువే ఎక్కువ.

రెండో అడుగు: నగరాన్ని ఎంచుకోవడం

దేశం కాదు, నగరం చూడండి. జర్మనీలో ఫైనాన్స్ అంటే ప్రధానంగా ఫ్రాంక్‌ఫర్ట్: డాయిష్ బ్యాంక్, కామర్స్‌బ్యాంక్, డీజెడ్ బ్యాంక్, కేఎఫ్‌డబ్ల్యూ, జర్మనీ కేంద్ర బ్యాంకు అయిన బుండెస్‌బ్యాంక్ అన్నీ అక్కడే. బీమా అయితే మ్యూనిక్: అలియాంజ్, మ్యూనిక్ రీ. ఈ రెండు నగరాలకు దూరంగా ఉన్న చిన్న ఊరి యూనివర్సిటీలో చేరితే, సెమిస్టర్ మధ్యలో వారానికి రెండు రోజులు ఆఫీసుకు వెళ్లే అవకాశం పోతుంది. ఆ రెండు రోజులు ఎందుకు ముఖ్యమో కింద చెబుతాను.

ఫ్రాంక్‌ఫర్ట్ కోర్సుల బ్రోషర్లలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ జంట భవనాల బొమ్మ వేస్తారు. ఆ బ్యాంకులో ఉద్యోగానికైనా ట్రైనీగానైనా యూరోపియన్ యూనియన్ పౌరసత్వం అడుగుతారు. భారత పాస్‌పోర్టుతో అక్కడికి దరఖాస్తు చేయలేరు. బొమ్మ చూసి మురిసిపోకండి; ఆ బ్యాంకు అడిగే నివేదికలను తయారుచేసే వాణిజ్య బ్యాంకులు, సలహా సంస్థలే మీకు ఉద్యోగం ఇచ్చేవి.

డబ్లిన్‌లో 1987లో మొదలైన ఆర్థిక సేవల కేంద్రం చుట్టూ ఫండ్ నిర్వహణ సంస్థలు వెలిశాయి. విమానాలను అద్దెకిచ్చే వ్యాపారానికి కూడా ప్రపంచంలో అదే పెద్ద కేంద్రం, ఆ రంగంలో ఫైనాన్స్ పట్టభద్రులకు పని ఉంటుంది. రోజువారీ భాష ఇంగ్లీషే కావడం పెద్ద ఊరట. లక్సెంబర్గ్ చిన్న దేశమే అయినా ఫండ్ల ఆస్తుల్లో అమెరికా తర్వాతి స్థానం దానిదే. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆప్టివర్, ఐఎంసీ, ఫ్లో ట్రేడర్స్ వంటి ట్రేడింగ్ సంస్థలు ఉన్నాయి. అవి ఏ యూనివర్సిటీ అని అడిగేకంటే ముందు లెక్కల పరీక్ష పెడతాయి. ఆప్టివర్ పరీక్షలో ఎనిమిది నిమిషాల్లో ఎనభై లెక్కలు నోటితో చేయాలి. ఎక్కాలు గట్టిగా వచ్చిన మన పిల్లలకు ఇది భయపడాల్సిన విషయం కాదు, రోజూ సాధన చేయాల్సిన విషయం. పారిస్ బ్రెగ్జిట్ తర్వాత ట్రేడింగ్ కేంద్రంగా పెరిగింది. లండన్ ఇప్పటికీ అన్నింటికంటే పెద్దది, అన్నింటికంటే రద్దీ కూడా.

మూడో అడుగు: చదువు ముగిశాక చేతిలో ఉండే గడువు

చదువు ముగిశాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలలు ఇస్తుంది. ఆ కాలంలో ఏ ఉద్యోగమైనా చేయవచ్చు, పిజ్జా దుకాణంలో పని కూడా. తర్వాత అర్హతకు తగిన ఉద్యోగం దొరికితే బ్లూ కార్డు, అంటే డిగ్రీ ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి. దాని జీతం పరిమితి 2025లో ఏడాదికి 48,300 యూరోలు. డిగ్రీ పొంది మూడేళ్లు దాటనివారికి 43,759.80 యూరోలు. ఇంతకంటే తక్కువ జీతం వస్తే ఇంటికి పోవాల్సిందేనని చాలామంది అనుకుంటారు. నిజానికి నిపుణులకు ఇచ్చే మరో నివాస అనుమతి ఉంది. దానికి 45 ఏళ్లలోపువారికి స్థిరమైన జీతం పరిమితి లేదు. ఆ పనికి అక్కడ మామూలుగా ఇచ్చే జీతం ఇస్తే చాలు. బ్లూ కార్డు ఉన్నవారు జర్మన్ భాషలో బీ1 స్థాయి ఉంటే 21 నెలలకు, ఏ1 మాత్రమే ఉంటే (భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2 వరుసలో పెరుగుతాయి) 27 నెలలకు శాశ్వత నివాసానికి దరఖాస్తు చేయవచ్చు.

ఐర్లాండ్‌లో మాస్టర్స్ చేసినవారికి రెండేళ్లు దొరుకుతుంది, మొదట ఏడాది, తర్వాత మరో ఏడాది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ రెండేళ్లలో మీరు ఏ ఉద్యోగంలోనైనా చేరవచ్చు, కానీ తర్వాత కావాల్సిన వర్క్ పర్మిట్ అన్ని ఉద్యోగాలకూ రాదు. గుమాస్తా తరహా ఆర్థిక ఉద్యోగాలు పర్మిట్ ఇవ్వని వృత్తుల జాబితాలో ఉన్నాయి. రెండేళ్లు అక్కడే పనిచేసి, చివర్లో ఈ సంగతి తెలుసుకోవడం బాధాకరం. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందే ఆ హోదా ఏ జాబితాలో ఉందో ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోండి, అవసరమైతే చేయబోయే పనికి తగ్గట్టు హోదా పేరు రాయమని కంపెనీని అడగండి.

నెదర్లాండ్స్‌లో ఒక ఏడాది. డిగ్రీ పొందిన మూడేళ్లలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు, భారత్ తిరిగివచ్చాక కూడా. ఆ ఏడాది హక్కు ఉన్నవారికి నిపుణుల వీసా జీతం పరిమితి బాగా తగ్గుతుంది: 2025లో నెలకు 2,989 యూరోలు. కంపెనీ మాత్రం ప్రభుత్వం గుర్తించిన స్పాన్సర్ అయి ఉండాలి. ఆ పేర్ల జాబితా బహిరంగంగానే ఉంది.

బ్రిటన్‌లో ప్రస్తుతం రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ పట్టభద్రులకు 18 నెలలే. అక్కడ నిపుణుల వీసాకు 2025 జులై నుంచి మామూలు పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చేరేవారికి 33,400. ఫ్రాన్స్‌లో మామూలుగా ఏడాది, భారతీయులకు రెండు దేశాల ఒప్పందం వల్ల రెండేళ్ల దాకా. లక్సెంబర్గ్ తొమ్మిది నెలలు, స్విట్జర్లాండ్ ఆరు నెలలు. జ్యూరిక్ జీతాలు చూసి నోరూరినా ఆరు నెలలన్నది గుర్తుంచుకోండి.

నాలుగో అడుగు: భాష

ఇంగ్లీషులో బోధించే కోర్సు అంటే ఇంగ్లీషులో దొరికే ఉద్యోగం అని అర్థం కాదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్ల వచ్చే నష్టం అంతా ఇంతా కాదు. జర్మనీలో పెద్ద బ్యాంకుల రిస్క్ విభాగాలు, అమెరికా బ్యాంకులు, ఐటీ కలిసిన పనులు ఇంగ్లీషుతో గడుస్తాయి. ఆడిట్, పన్నులు, కంట్రోలింగ్, రిటైల్ బ్యాంకింగ్ గడవవు. ఉద్యోగ ప్రకటన ఇంగ్లీషులో రాసి ఉన్నా చివరి వరుసలో జర్మన్ బాగా వచ్చి ఉండాలని ఉంటుంది. ముందు ఆ వరుస చదవండి, తర్వాత మిగతాది.

వెళ్లేముందే ఏ2 పూర్తిచేయండి. అక్కడికి వెళ్లాక సెమిస్టర్‌కు ఒక స్థాయి చొప్పున చేస్తే రెండేళ్ల చివరికి బీ2 దగ్గరకు వస్తారు. ఇంగ్లీషు మాట్లాడే తోటి భారతీయులతోనే ఒకే ఇంట్లో ఉంటే ఇది జరగదు. పప్పు, చారు దొరికే ఇల్లు హాయిగానే ఉంటుంది, కానీ కనీసం ఒక సెమిస్టర్ జర్మన్ మాట్లాడేవారితో కలిసి ఉండండి. బీ2 వస్తే మీరు దరఖాస్తు చేయగల ప్రకటనల సంఖ్య ఎంత పెరుగుతుందో ఏ ఉద్యోగాల వెబ్‌సైటులోనైనా ఒక సాయంత్రం కూర్చుని లెక్కపెట్టి చూడండి. ఫ్రెంచ్ గురించీ ఇదే మాట. డబ్లిన్, లండన్‌లకు ఈ అడుగు దాటేయండి.

ఐదో అడుగు: ఇప్పుడు కోర్సు

ముందుగా అర్హత. మూడేళ్ల బీకాంను జర్మనీలోని కొన్ని యూనివర్సిటీలు మాస్టర్స్‌కు సరిపోదంటాయి. బీటెక్ చేసినవారిని ఎకనామిక్స్, అకౌంటింగ్ క్రెడిట్లు ఎన్ని ఉన్నాయని అడుగుతాయి. భారతీయుల సర్టిఫికెట్లను పరిశీలించే ఏపీఎస్ ధ్రువపత్రం కూడా కావాలి, దానికి సమయం పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టండి. బీటెక్‌లో గణితం, ప్రోగ్రామింగ్ బలంగా ఉన్నవారు సాధారణ ఫైనాన్స్ కంటే మ్యాథమెటికల్ ఫైనాన్స్ వైపు చూడటం మంచిది.

ఫీజుల తేడా ఆకాశానికీ భూమికీ ఉన్నంత. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని గోథే యూనివర్సిటీ ప్రభుత్వానిది, సెమిస్టర్ రుసుముతో సరి. మాన్‌హైమ్ యూనివర్సిటీ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివారికి సెమిస్టర్‌కు 1,500 యూరోలు. అదే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రైవేటు బిజినెస్ స్కూలు ఫీజు ఇంతకు ఎన్నో రెట్లు, వేల యూరోల్లో ఉంటుంది. ప్రైవేటు కాలేజీలు కన్సల్టెన్సీలకు కమీషన్ ఇస్తాయి, ప్రభుత్వ యూనివర్సిటీలు సాధారణంగా ఇవ్వవు. మీకు ఏది సిఫారసు చేస్తారో దీన్నిబట్టే ఊహించుకోండి.

ప్లేస్‌మెంట్ నివేదిక చదివేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న శాతాన్ని వదిలేసి, చిన్న అక్షరాలు చూడండి. ఆ శాతం మొత్తం విద్యార్థుల్లోనా, సర్వేకు జవాబిచ్చినవారిలోనా? యూరోపియన్ యూనియన్ బయటివారిని విడిగా చూపారా? ఉద్యోగం అదే దేశంలో వచ్చిందా, సొంత దేశానికి తిరిగివెళ్లాక వచ్చిందా? సగటు జీతమా, మధ్యస్థ జీతమా (జీతాలను వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో ఉన్నది)? నలుగురికి లండన్‌లో పెద్ద జీతాలు వస్తే సగటు అమాంతం పెరుగుతుంది. ఈ జవాబులు నివేదికలో లేకపోతే అడ్మిషన్ల విభాగానికి మెయిల్ రాయండి. తప్పించుకునే జవాబు కూడా ఒక జవాబే.

అంతకంటే నమ్మదగిన పద్ధతి లింక్డ్‌ఇన్. ఆ యూనివర్సిటీ పేజీలో పూర్వ విద్యార్థుల విభాగం తెరిచి, గత మూడేళ్లలో ఆ కోర్సు ముగించినవారిలో భారత్‌లో డిగ్రీ చేసినవారిని వెతకండి. ఇరవై మంది దొరికితే ఇరవై మందీ ఇప్పుడు ఏ నగరంలో, ఏ హోదాలో ఉన్నారో ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం ముందు ఏ ర్యాంకూ పనికిరాదు. వారిలో ఇద్దరు ముగ్గురికి మర్యాదగా రెండు వాక్యాల సందేశం పంపండి. ఉద్యోగం ఇప్పించమని అడగకండి. మొదటి ఇంటర్న్‌షిప్ ఎలా దొరికిందని అడగండి. ఈ ప్రశ్నకు జనం జవాబిస్తారు.

ఆరో అడుగు: క్యాలెండర్

అక్టోబరులో మొదలయ్యే రెండేళ్ల జర్మన్ మాస్టర్స్ తీసుకుందాం. బయలుదేరేముందు పాత కంపెనీ నుంచి అనుభవ పత్రం వివరంగా రాయించుకోండి: ఏ పని, ఏ సాఫ్ట్‌వేర్, ఎలాంటి ఫలితం. జర్మన్ కంపెనీలు దరఖాస్తుతోపాటు ఇలాంటి పత్రాలు, మార్కుల జాబితాలు జతచేయమంటాయి. చేరిన తేదీ, మానేసిన తేదీ మాత్రమే ఉన్న రెండు వరుసల కాగితం వారికి అనుమానం కలిగిస్తుంది. ఎస్‌క్యూఎల్, పైథాన్ అనే కంప్యూటర్ భాషలు నేర్చుకుని వెళ్లండి. రిస్క్ వైపు వెళ్లేవారు ఎఫ్‌ఆర్‌ఎమ్ అనే వృత్తి పరీక్ష మొదటి భాగం, పెట్టుబడుల వైపు వెళ్లేవారు సీఎఫ్ఏ పరీక్ష మొదటి స్థాయి ఇక్కడే రాసేస్తే అక్కడ చదువుకు, పనికి సమయం మిగులుతుంది.

మొదటి సెమిస్టర్‌లో నవంబరుకల్లా వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగాలకు దరఖాస్తులు మొదలుపెట్టాలి. జర్మన్లు వెర్క్‌ష్టుడెంట్ అనే ఈ ఉద్యోగమే మొత్తం వ్యవహారానికి కీలకం. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల దాకా, చదువుకు సంబంధించిన శాఖలోనే పని, జీతం కూడా. ఏడాదిగా తమ దగ్గరే పనిచేస్తున్న విద్యార్థి ఉండగా కంపెనీ కొత్త మనిషి కోసం బయట వెతకడం అరుదు. గిడ్డంగిలోనో డెలివరీలోనో గంటకు ఒక యూరో ఎక్కువ వచ్చినా ఈ పనినే ఎంచుకోండి.

యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థికి ఏడాదిలో 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజుల పని పరిమితి ఉంది. కోర్సులో తప్పనిసరిగా ఉన్న ఇంటర్న్‌షిప్ ఈ లెక్కలోకి రాదు, స్వచ్ఛందంగా చేసేది వస్తుంది. పైగా మూడు నెలలు దాటిన స్వచ్ఛంద ఇంటర్న్‌షిప్‌కు కనీస వేతనం ఇవ్వాలి, అందుకే చాలా కంపెనీలు తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఉన్న విద్యార్థినే కోరుకుంటాయి. కోర్సు నియమావళిలో ఆ అంశం ఉందో లేదో చేరకముందే చూడండి. నాలుగో సెమిస్టర్ థీసిస్‌ను అదే కంపెనీలో చేయగలిగితే సగం పని అయినట్టే.

లండన్, డబ్లిన్‌లలో ఏడాది కోర్సు చేసేవారి పరిస్థితి వేరు. అక్కడ పెద్ద ఆడిట్ సంస్థలు, బ్యాంకుల గ్రాడ్యుయేట్ నియామకాలు సెప్టెంబరులోనే, కొన్ని అంతకుముందే తెరుచుకుంటాయి, అక్టోబరు దాటేసరికి చాలావరకు మూసుకుంటాయి. ఇల్లు వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరిచి, స్థిరపడ్డాక చూద్దామనుకునేవారికి ఆ ఏడాది అప్పటికే అయిపోయి ఉంటుంది. రెజ్యూమె హైదరాబాదులోనే సిద్ధం చేసుకుని ఆగస్టులో దరఖాస్తులు పంపాలి.

ఏడో అడుగు: వీసా మాట ఎలా చెప్పాలి

బ్రిటన్‌లో కంపెనీకి స్పాన్సర్ లైసెన్సు ఉండాలి, ఖర్చు కూడా ఉంటుంది. లైసెన్సున్న కంపెనీల జాబితాను ప్రభుత్వమే ప్రచురిస్తుంది. దరఖాస్తు చేసేముందు అందులో పేరు చూసుకుంటే వృథా శ్రమ తప్పుతుంది.

జర్మనీలో అలాంటి లైసెన్సు లేదు. కంపెనీ ఉద్యోగ వివరాల ఫారం ఒకటి నింపి ఇస్తే చాలు, మిగతాది మీరే చేసుకుంటారు. ఈ సంగతి చిన్న కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలకే తెలియదు. విదేశీ పేరు చూడగానే పెద్ద తలనొప్పి అనుకుని పక్కన పెట్టేస్తాయి. కాబట్టి రెజ్యూమె పైభాగంలోనే ఒక వాక్యం రాయండి: ఫలానా నెల వరకు ఏ పరిమితీ లేకుండా పనిచేసే హక్కు ఉంది, ఆ తర్వాత బ్లూ కార్డుకు అర్హత ఉంది, కంపెనీకి లైసెన్సు అవసరం లేదు.

ఎనిమిదో అడుగు: డబ్బు, 18 నెలల వాడకం

జర్మన్ వీసాకు బ్లాక్డ్ ఖాతాలో, అంటే ముందే డబ్బు వేసి నెలనెలా కొంత మాత్రమే తీయగల ఖాతాలో, 2025 లెక్క ప్రకారం ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక్క గదికే నెలకు 600 యూరోలు దాటడం మామూలు కాబట్టి ఆ మొత్తం ఏడాదంతా సరిపోతుందని లెక్క వేయకండి. 50,000 యూరోల వార్షిక జీతం వస్తే పెళ్లికాని వ్యక్తికి పన్నులు, బీమాలు పోగా నెలకు సుమారు 2,650 యూరోలు చేతికి వస్తాయి. అద్దె, తిండి, ప్రయాణం తీసేసి మిగిలినదాన్ని అప్పు వాయిదాతో పోల్చండి. ఈ లెక్క నాన్నగారితో కలిసి, అప్పు పత్రాల మీద సంతకం కాకముందే వేయాలి.

చదువు ముగిశాక గడువును ఆరేసి నెలల మూడు భాగాలుగా విడగొట్టుకోండి. మొదటి ఆరు నెలలు కోరుకున్న హోదా, కోరుకున్న నగరం. తర్వాతి ఆరు నెలలు నగరాన్ని వదులుకోండి: స్టుట్‌గార్ట్, డ్యూసెల్‌డార్ఫ్, లైప్‌జిగ్ కూడా చూడండి, కాంట్రాక్టు పని వచ్చినా తీసుకోండి. చివరి ఆరు నెలల్లో హోదాను కూడా సడలించి, హైదరాబాదు, బెంగళూరు కార్యాలయాలకు సమాంతరంగా దరఖాస్తులు పంపండి. యూరప్ నిబంధనలు చదివి, అక్కడి బ్యాంకులో విద్యార్థిగా పనిచేసిన వ్యక్తికి ఇక్కడి రిస్క్ విభాగాల్లో విలువ ఉంటుంది, అదే సంస్థలో అంతర్గత బదిలీ మీద మళ్లీ వెళ్లే దారీ ఉంటుంది. రూములో ఎవరికీ చెప్పకుండా గడువు చివరి రోజు దాకా గిడ్డంగిలో పనిచేస్తూ కూర్చోవడం కంటే పదమూడో నెలలోనే ఈ దారి తెరవడం మేలు.

తిరిగిరావాల్సి వస్తే మున్సిపల్ కార్యాలయంలో నివాసం రద్దు చేయించుకుని, ఆ కాగితం ఆరోగ్య బీమా సంస్థకు పంపండి. లేకపోతే ప్రీమియం బిల్లులు వస్తూనే ఉంటాయి. పనిచేసిన ప్రతి చోటి నుంచి వివరమైన అనుభవ పత్రం వెళ్లేముందే తీసుకోండి, దానికోసం ఇండియా నుంచి మెయిళ్లు రాస్తూ కూర్చుంటే నెలలు పడుతుంది.